ఇనుప గుర్రం ఎందుకు తడబడింది?

ఈ అంకెలు ఒక్కసారి చూడండి. ఓ ఆటగాడు 1936లో 49 హోమ్‌ రన్లు కొట్టాడు. 1937లో 37. 1938లో 29. 1939లో ఒక్కటీ లేదు. అప్పటికి అతడికి 35 ఏళ్లు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఒంటికి తగిలిన పెద్ద దెబ్బ కూడా ఏమీ లేదు. సాధనలో లోటు లేదు. మరి బ్యాటులో బలం ఎక్కడికి పోయింది?

అతడి పేరు లూ గెరిగ్‌. న్యూయార్క్‌ యాంకీస్‌ జట్టులో ఆడేవాడు. మనకు బేస్‌బాల్‌తో పెద్దగా పరిచయం లేదు కాబట్టి ముందుగా రెండు మాటలు. హోమ్‌ రన్‌ అంటే దాదాపు మన క్రికెట్లో సిక్సర్‌ లాంటిది. వంద అవకాశాల్లో 30 హిట్లు కొడితే ఆ ఆటలో మొనగాడి కింద లెక్క. గెరిగ్‌ మొత్తం కెరీర్‌లో సగటున 34 కొట్టాడు. అంతకన్నా గొప్ప సంగతి మరొకటుంది. 1925 జూన్‌ 1న మొదలుపెట్టి వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడాడు. ఒక్కటీ వదల్లేదు. వేళ్లు విరిగినా ఆడాడు, నడుం పట్టేసినా ఆడాడు. తర్వాతెప్పుడో చేతులకు ఎక్స్‌రే తీస్తే అతుక్కుపోయిన పాత విరుగుళ్లు 17 కనిపించాయని చెబుతారు. జనం ముద్దుగా ‘ఇనుప గుర్రం’ అని పిలుచుకున్నారు. ఆ రికార్డు 56 ఏళ్లు చెక్కుచెదరలేదు. 1995లో కాల్‌ రిప్‌కెన్‌ వచ్చి దాన్ని దాటాడు.

అలాంటి మనిషి 1938లో సీజన్‌ మధ్యకు వచ్చేసరికి నీరసపడ్డాడు. ఎందుకో తెలియడం లేదు, ఎంత ప్రయత్నించినా మళ్లీ పుంజుకోలేకపోయానని తర్వాత అతడే చెప్పుకొన్నాడు. మామూలు కన్నా తేలికైన బ్యాటు తీసుకున్నాడు. ఆ ఏడాది సగటు దాదాపు 29కి జారింది. నిజానికి అది వేరే ఆటగాడికైతే సంబరం చేసుకునే అంకె. అందుకే ఎవరూ కంగారుపడలేదు. ‘పదమూడేళ్లుగా ఒక్క రోజూ ఆగకుండా ఆడితే అలసట రాదా?’ అన్నారు కొందరు. ‘వయసు మీద పడుతోంది’ అన్నారు ఇంకొందరు. ఆ చలికాలంలో మంచు మీద స్కేటింగ్‌ చేస్తూ మాటిమాటికీ పడిపోతుంటే, ఫుట్‌పాత్‌ అంచుకు కాలు తట్టుకుంటుంటే భార్య ఎలినార్‌ కలవరపడింది. డాక్టరుకు చూపించారు. పిత్తాశయంలో ఏదో తేడా ఉందని చెప్పి, కారం మసాలా లేని చప్పిడి తిండి తినమన్నారు.

మన ఇళ్లలో మాటలు గుర్తొస్తున్నాయా? నాన్నగారి చేతిలోంచి గ్లాసు జారిపోతే ‘షుగర్‌ వల్లేమో’ అంటాం. అమ్మ మెట్ల దగ్గర తూలితే ‘మోకాళ్లు’ అంటాం. మావయ్య మాట ముద్దగా వస్తే ‘కొత్త పళ్ల సెట్టు కదా’ అని నవ్వేస్తాం. చాలాసార్లు ఆ మాటలే నిజం కూడా. ఎప్పుడో ఒకసారి కాదు. ఆ ఒక్కసారిని ఎలా పట్టుకోవాలన్నదే అసలు ప్రశ్న.

విలేకరి కంటికి చిక్కిన సంగతి

1939 వేసవికి ముందు యాంకీస్‌ జట్టు ఫ్లోరిడాలో సాధన చేస్తోంది. గెరిగ్‌ పరుగెత్తుతుంటే ఎత్తుపల్లాల నేల మీద నడుస్తున్నట్టు ఉందని తోటివాళ్లు గమనించారు. వంగి బంతి అందుకోవడానికి ఆలస్యమవుతోంది. బట్టలు మార్చుకునే గదిలో నిలబడి ప్యాంటు వేసుకోబోయి పడిపోయాడని కూడా చెబుతారు. పత్రికలు ఎప్పటిలాగే ‘ఫామ్‌ పోయింది’ అని రాశాయి. జేమ్స్‌ కాన్‌ అనే విలేకరి మాత్రం వేరేగా రాశాడు. మామూలుగా ఫామ్‌ పోయిన బ్యాటర్‌కు బంతి అందదు, ఆలస్యంగా ఆడతాడు, అంచు తగులుతుంది. గెరిగ్‌ అలా కాదు. బంతిని సరిగ్గా చూస్తున్నాడు, సరైన సమయానికి ఆడుతున్నాడు, బ్యాటు నడిమధ్య తగులుతోంది. అయినా బంతి నాలుగడుగులు ఎగిరి మెత్తగా కింద పడుతోంది. ఇది ఆటలో లోపం కాదు, ఒంట్లోనే ఏదో ఉందని అతడి అనుమానం.

నాకైతే ఈ ఒక్క గమనింపు పెద్ద రోగ నిర్ధారణలా అనిపిస్తుంది. వయసు పెరిగితే ముందు చూపు, చురుకు తగ్గుతాయి. ఇక్కడ అవి బాగానే ఉన్నాయి. పోయింది కండబలం ఒక్కటే. అదీ నొప్పి లేకుండా, నెమ్మదిగా.

సీజన్‌ మొదలైంది. 8 మ్యాచ్‌లు, 28 అవకాశాలు, 4 హిట్లు. ఏప్రిల్‌ 30న ఓ సులువైన బంతిని ఆపి సహచరుడికి అందిస్తే, ‘భలే ఆపావ్‌’ అని తోటి ఆటగాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలే అతడి గుండెల్లో గుచ్చుకుంది. తను చిన్నపిల్లాడిలా ఆడుతున్నానని వాళ్లు జాలిపడుతున్నారని అర్థమైంది. మే 2న డెట్రాయిట్‌లో మేనేజర్‌ జో మెకార్తీ దగ్గరికి వెళ్లి, ఈ రోజు నన్ను పక్కన పెట్టండని తనే అడిగాడు. 2,130 దగ్గర లెక్క ఆగిపోయింది. జూన్‌లో మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్‌లో చేరాడు. అక్కడ హెరాల్డ్‌ హేబీన్‌ అనే వైద్యుడు అతడి నడక, చేతులు చూడగానే అనుమానించారు. ఆరు రోజుల పరీక్షల తర్వాత, సరిగ్గా 36వ పుట్టినరోజు నాడు, జూన్‌ 19న పేరు తేల్చారు. ఎమియోట్రోఫిక్‌ లేటరల్‌ స్క్లీరోసిస్‌. పొట్టిగా ఏఎల్‌ఎస్‌. మన దగ్గర వైద్యులు ఎక్కువగా మోటార్‌ న్యూరాన్‌ డిసీజ్‌ అంటుంటారు. అమెరికాలో ఇప్పటికీ ‘లూ గెరిగ్‌ జబ్బు’ అనే పిలుస్తారు.

తీగలు తెగిపోతే...

మీరు చెయ్యి పైకెత్తాలనుకుంటే ఆ ఆదేశం మెదడులో పుడుతుంది. అక్కడి నుంచి ఒక నాడీకణం దాన్ని వెన్నుపాము దాకా మోసుకొస్తుంది. అక్కడ ఇంకో నాడీకణం అందుకుని కండరానికి చేరవేస్తుంది. ఈ రెండు రకాల కణాలూ క్రమంగా చనిపోవడమే ఏఎల్‌ఎస్‌. కండరంలో జబ్బేమీ లేదు. దానికి ఆదేశం అందదు, పనిలేక అది కరిగిపోతుంది. దీన్ని 1869లోనే ఫ్రాన్స్‌ వైద్యుడు షార్కో వర్ణించారు. స్పర్శ మామూలుగానే ఉంటుంది. చూపు, వినికిడి ఉంటాయి. కళ్లు కదల్చే కండరాలు, మలమూత్రాలను ఆపే కండరాలు చాలావరకు చివరిదాకా చెడవు. ఆలోచన కూడా ఎక్కువమందిలో బాగానే ఉంటుంది. కొందరిలో మాత్రం ప్రవర్తన, జ్ఞాపకశక్తి కొంత మారతాయి.

అరుదైన జబ్బే. ఏటా లక్షమందిలో సుమారు ఇద్దరికి కొత్తగా వస్తుంది. ఎక్కువగా 50 దాటాకే మొదలవుతుంది. గెరిగ్‌లా ముప్ఫైల్లోనూ రావచ్చు. పదిమందిలో తొమ్మిది మందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. మిగిలిన ఒకరిలో జన్యువుల ద్వారా వస్తుంది.

గెరిగ్‌కు సరిగ్గా ఎప్పుడు మొదలైందన్నది ఇప్పటికీ ఆసక్తికరమైన ప్రశ్నే. 1938 మొదట్లో అతడు ‘రాహైడ్‌’ అనే కౌబాయ్‌ సినిమాలో నటించాడు. దశాబ్దాల తర్వాత న్యూరాలజిస్టులు ఆ సినిమాను పరిశీలించి, అందులో చేతుల బలహీనత ఛాయలేవీ లేవని తేల్చారు. అంటే అప్పటి నుంచి మైదానం వదిలే రోజుకు మధ్య ఏడాది పైచిలుకే. జబ్బు నడక అంత వేగం.

ఇంట్లో ఏం కనిపిస్తుంది?

చాలామందిలో ఒక చేతిలోనో ఒక కాలిలోనో మొదలవుతుంది. తాళంచెవి తిప్పలేకపోతారు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. చపాతీ పిండి కలుపుతుంటే ఒక చెయ్యి సాయం రాదు. నడుస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోతుంది. పాదం పైకి లేవక వేళ్లు నేలకు తగులుతుంటాయి కాబట్టి, ఆ చెప్పు ముందుభాగం రెండోదాని కన్నా త్వరగా అరిగిపోతుంది. అరచేతిలో బొటనవేలి మొదట ఉబ్బుగా ఉండే కండ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్చబడి గుంటలు పడతాయి. ఇంకొందరిలో, సుమారు నాలుగో వంతు మందిలో, మాటతో మొదలవుతుంది. మాట ముద్దగా, ముక్కుతో పలికినట్టు వస్తుంది. మంచినీళ్లు తాగుతుంటే పొలమారుతుంది. గట్టి పదార్థం కన్నా పల్చటి నీళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

దీనిలోని పెద్ద మోసం, నొప్పి లేకపోవడం. పన్ను నొప్పి వస్తే మర్నాడే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. గుండీ పెట్టుకోలేకపోతే టీషర్టుకు మారిపోతాం. అలా నెలలు గడిచిపోతాయి. మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి జబ్బు పేరు తేలడానికి ప్రపంచమంతటా సగటున ఏడాది దాకా పడుతోంది.

అలసటకూ బలహీనతకూ తేడా గమనించండి. అలసట ఒళ్లంతా ఉంటుంది, నిద్రపోతే తగ్గుతుంది. ఈ బలహీనత ఒకచోట ఉంటుంది, పొద్దున లేచినా అలాగే ఉంటుంది, నెలనెలకూ పెరుగుతుంది, పక్కకు పాకుతుంది. మీ వాళ్లు ‘ఒంట్లో ఓపిక లేదు’ అంటే ఒక ప్రశ్న వేయండి. నిరుడు చేసిన పని ఏదైనా ఇప్పుడు చేయలేకపోతున్నావా? ‘సీసా మూత తీయలేకపోతున్నా’ అన్నారనుకోండి, అది వైద్యుడికి చెప్పాల్సిన మాట.

కండరాలు అదరడం గురించి కూడా చెప్పాలి. చర్మం కింద పురుగు పాకినట్టు కండ అదరడం ఈ జబ్బులో ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఇది చదివి, కనురెప్ప అదిరిన ప్రతివాళ్లూ నిద్ర మానుకుంటున్నారు. వెనకటికి శకునం చూసి ఊరుకునేవాళ్లు, అదే నయం. బలహీనత, కండ తగ్గడం లేకుండా ఊరికే అదరడం దాదాపు ఎప్పుడూ ప్రమాదం కాదు. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, ఆందోళన ఉన్నా అదురుతుంది.

అనుమానం వస్తే వెళ్లాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే జబ్బు కాదిది. ఒంటిని క్షుణ్నంగా పరీక్షించాలి. ఈఎంజీ, నరాల వేగం చూసే పరీక్ష చేస్తారు. మెడ, మెదడుకు ఎమ్మారై తీస్తారు. కొందరికి మూడు నాలుగు నెలల తర్వాత మళ్లీ రమ్మంటారు, అది తాత్సారం కాదు. ఎందుకంటే దీన్ని పోలిన జబ్బులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని నయమవుతాయి కూడా. మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కితే ఆపరేషన్‌తో ఆపొచ్చు. మల్టీఫోకల్‌ మోటార్‌ న్యూరోపతీ అనే జబ్బు ఇంజెక్షన్లతో బాగా తగ్గుతుంది. థైరాయిడ్‌, బీ12 లోపం కూడా చూసుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఒక చెయ్యి సన్నబడితే అది హిరయామా జబ్బు కావచ్చు, కొన్నేళ్లకు దానంతటదే ఆగుతుంది. మన ప్రాంతానికి చెందిన ఓ రకం కూడా ఉంది. మద్రాస్‌ మోటార్‌ న్యూరాన్‌ డిసీజ్‌ అంటారు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల్లో చిన్న వయసువాళ్లలో వైద్యులు గుర్తించారు. చేతులు సన్నబడటంతో పాటు వినికిడి తగ్గుతుంది. ఇది ఏఎల్‌ఎస్‌ కన్నా చాలా నెమ్మదిగా నడుస్తుంది. కాబట్టి ‘మోటార్‌ న్యూరాన్‌’ అన్న మాట చెవిన పడగానే అంతా అయిపోయిందని కుప్పకూలిపోకండి. ఏ రకమో తేలనివ్వండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. యాభై దాటిన చాలామందికి ఎమ్మారైలో మెడ అరుగుదల ఎలాగూ కనిపిస్తుంది. దాన్ని చూసి ఆపరేషన్‌ చేయించుకున్నాక, అసలు జబ్బు ఇదని తెలిసినవాళ్లున్నారు. మెడ ఆపరేషన్‌కు తలూపే ముందు, నొప్పి లేకుండా బలహీనత పెరుగుతుంటే, న్యూరాలజిస్టును ఒకసారి కలవడంలో నష్టం లేదు.

ఆయనకు చెప్పొద్దు!

మేయో క్లినిక్‌ వైద్యులను ఎలినార్‌ ఒకటే వేడుకుంది. ఎంతకాలం బతుకుతాడన్నది మాత్రం ఆయనకు చెప్పొద్దని. వాళ్లు సరేనన్నారు. ఉన్నవాణ్ని ఉన్నట్టు నిలబెట్టడానికి సగానికి సగం అవకాశం ఉందని గెరిగ్‌ ఆమెకు ఉత్తరం రాశాడు. లోపల అతడికి ఎంత తెలుసో, భార్య కోసం ఎంత దాచాడో ఎవరూ చెప్పలేరు. ఆ జూలై 4న యాంకీ స్టేడియంలో 61 వేలమందికి పైగా జనం ముందు నిలబడి, ఈ భూమ్మీద తనంత అదృష్టవంతుడు లేడన్నాడు.

ఆస్పత్రి వరండాల్లో మనం రోజూ చూసే దృశ్యమే ఇది. ‘డాక్టర్‌గారూ, నాన్నకు మాత్రం చెప్పకండి’ అంటూ కొడుకు తలుపు దగ్గరకు వేస్తాడు. లోపల కూర్చున్న నాన్నకు సగం అర్థమైపోయి ఉంటుంది. ఆయనా కొడుకు బాధపడతాడని ఏమీ అడగడు. ఇద్దరూ ప్రేమతోనే చేస్తారు, కాదనలేం. కానీ ఈ జబ్బులో ఆ మౌనం ఖరీదెక్కువ. మింగడం కష్టమైతే పొట్టకు గొట్టం వేయించుకోవాలా, ఊపిరి తగ్గితే మాస్కు చాలా, గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్‌ పెట్టాలా వద్దా... ఇవి ఆయన చెప్పాల్సిన మాటలు. మాట పోయాక, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొడుకు చేయాల్సిన సంతకాలు కావు. గొంతు బాగున్నప్పుడే తన మాటలు రికార్డు చేసి పెట్టుకోవాలనిపించవచ్చు, మనవళ్ల పేర్లు పిలవడం, అలవాటైన కసుర్లు. బ్యాంకు ఖాతాలు, వీలునామా సంగతీ అంతే. అంకెలన్నీ ఒక్కరోజే ముఖాన కొట్టనక్కర్లేదు. ఎంత తెలుసుకోవాలనుందో ముందు ఆయన్నే అడగండి.

దాచడం వల్ల ఇంకో చిక్కూ వచ్చింది. గెరిగ్‌ జబ్బును జనానికి అర్థమయ్యేలా చెప్పబోయి వైద్యులు దాన్ని ‘ఒకరకం దీర్ఘకాలిక పోలియో’ అన్నారు. 1940లో యాంకీస్‌ వరసగా ఓడిపోతుంటే, గెరిగ్‌ నుంచి మిగతా ఆటగాళ్లకు పోలియో అంటుకుందేమోనని ఓ న్యూయార్క్‌ పత్రిక రాసేసింది. అతడు కోర్టుకు వెళ్లాడు. పత్రిక క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఏఎల్‌ఎస్‌ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు.

మందులేవి?

పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన రిలుజోల్‌ మాత్ర మన దేశంలోనూ దొరుకుతుంది. పరీక్షల్లో అది ఆయుష్షును రెండు మూడు నెలలు పెంచింది. 2017లో ఎడారవోన్‌ వచ్చింది, దాని మేలు కొందరికే పరిమితం. 2023లో టోఫెర్సన్‌ అనే మందుకు అక్కడ అనుమతి దొరికింది. సాడ్‌1 అనే జన్యువులో లోపం ఉన్న కొద్దిమందికే అది పనికొస్తుంది. గెరిగ్‌కు ఆ రోజుల్లో విటమిన్‌ ఇ ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు, లాభం లేకపోయింది. ఇప్పుడు ఆ స్థానాన్ని స్టెమ్‌సెల్‌ ప్రకటనలు ఆక్రమించాయి. పరిశోధనల్లో భాగంగా తప్ప ఈ జబ్బుకు స్టెమ్‌సెల్‌ చికిత్సను మన ఐసీఎంఆర్‌ మార్గదర్శకాలు అంగీకరించవు. పరిశోధన అంటూ మీ దగ్గర లక్షలు అడుగుతుంటే అక్కడే అనుమానించండి. ఇల్లు అమ్మి కట్టిన డబ్బు తర్వాత మనిషిని చూసుకోవడానికి మిగలదు.

మందుల కన్నా ఎక్కువ తేడా తెచ్చేవి సాదాసీదాగా కనిపించే పనులు. ఊపిరి కండరాలు బలహీనపడుతున్నాయని చెప్పే గుర్తులు ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తాయి. వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రి పదేపదే మెలకువ రావడం, పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునుకుపాట్లు. అప్పుడు రాత్రిపూట మాస్కుతో గాలి అందించే బైపాప్‌ యంత్రం పెడితే, తట్టుకోగలిగిన రోగుల్లో ఆయుష్షూ పెరుగుతుంది, నిద్రా పడుతుంది. ఆయాసంగా ఉందని డాక్టరును అడక్కుండా ఇంట్లో ఆక్సిజన్‌ సిలిండర్‌ మాత్రం తెచ్చి పెట్టకండి. ఇక్కడ కొరత ఆక్సిజన్‌ది కాదు, గాలిని లోపలికీ బయటికీ ఆడించే బలానిది. ఆక్సిజన్‌ ఒక్కటే ఇస్తే రక్తంలో కార్బన్‌ డయాక్సైడ్‌ పేరుకుని మనిషి మత్తులోకి జారిపోవచ్చు. బరువు తగ్గకుండా చూసుకోవడం కూడా చికిత్సే. పథ్యం పేరుతో నెయ్యి, పెరుగు మాన్పించకండి. పొట్టకు గొట్టం వేయించాల్సి వస్తే ఊపిరి మరీ తగ్గకముందే వేయించడం సురక్షితం.

సగటున రెండు నుంచి అయిదేళ్లు అంటారు. సగటు అందరికీ వర్తించదు. పదిమందిలో ఒకరు పదేళ్లు దాటతారు. శాస్త్రవేత్త స్టీఫెన్‌ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో జబ్బు బయటపడింది. 2018 దాకా, 76 ఏళ్లు బతికారు.

తలకు తగిలే దెబ్బలకూ దీనికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న కూడా గెరిగ్‌ చుట్టూ తిరుగుతూనే ఉంది. అప్పట్లో హెల్మెట్లు లేవు. 1934లో బంతి తలకు తగిలి స్పృహ తప్పాడు, మర్నాడే మళ్లీ ఆడాడు. అమెరికన్‌ ఫుట్‌బాల్‌ ఆడినవాళ్లలో ఏఎల్‌ఎస్‌ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని 2021లో ఓ పెద్ద అధ్యయనం చెప్పింది. గెరిగ్‌ విషయంలో తేల్చడానికి ఆధారం మిగల్లేదు, దహనం చేసేశారు. మీ అబ్బాయి క్రికెట్‌ ఆడుతుంటే ఆట మాన్పించక్కర్లేదు. హెల్మెట్‌ పెట్టించండి. తలకు గట్టిదెబ్బ తగిలితే డాక్టరు చూసి సరేనన్నాకే మళ్లీ మైదానంలోకి పంపండి.

మైదానం వదిలాక గెరిగ్‌ ఇంట్లో కూర్చోలేదు. న్యూయార్క్‌ నగర పెరోల్‌ కమిషనర్‌గా ఉద్యోగం తీసుకున్నాడు. జైలు నుంచి ఎవరిని ముందుగా విడిచిపెట్టాలో నిర్ణయించే పని అది. ఫైళ్లు చదివాడు, ఖైదీలను కలిశాడు. తన పేరు పత్రికల్లో రానివ్వొద్దని కోరాడు. కాలం గడిచేకొద్దీ వేళ్లకు కలం ఆగడం మానేసింది. ఎలినార్‌ వెంట వచ్చేది. ఫైలు ముందుకు వచ్చినప్పుడు అతడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని కాగితం మీద నడిపించేది, అతడు సంతకం పెట్టేవాడు. చనిపోవడానికి సుమారు నెల ముందు దాకా ఆ ఉద్యోగంలో ఉన్నాడు. 1941 జూన్‌ 2 రాత్రి ఇంట్లోనే కన్నుమూశాడు. మరో 17 రోజులుంటే 38 నిండేవి.